ఆరు నోళ్ళు, ఒక గొంతు

పైపు చిన్నదని మీరనడం ఇది మూడోసారి సీతారామరావు గారూ! రెండుసార్లు తల ఊపి ఊరుకున్నాను. ఇక ఊరుకోలేను. పెద్దవారు, నలభై ఏళ్ళు షెడ్లు కట్టించినవారు, ఈ షెడ్డు యజమానులు ఏరికోరి విచారణకు పిలిపించుకున్నవారు. అంతా నిజమే. కానీ పైపు చిన్నది కాదండీ. ఉండవలసినంతే ఉంది.

కాస్త ఇటు జరగండి సార్, ఈ స్తంభం చాటుకు. జల్లు లోపలికి కొడుతోంది. ఇంకా తుంపరే లెండి. అసలు వాన సువర్ణరేఖ నది అవతలే ఉంది. అదిగో, మాంగో వైపు మేడలన్నీ అప్పుడే కనబడకుండా పోయాయి. అయిదు నిమిషాలు, మహా అయితే పది.

అది వచ్చిందంటే ఇవాళ తేలిపోతుంది. మీ నివేదికలో కారణం దగ్గర ఖాళీగా ఉంచిన ఆ ఒక్క గడీ నిండిపోతుంది.

ఏమన్నారు? నా తెలుగా? అవునండీ, అందరూ నవ్వుతారు. ఈ ఊళ్ళో పుట్టి, హిందీ బడిలో చదివి, పుస్తకం చదివినట్టు మాట్లాడతానని సైటు మేనేజరు సౌరభ్ గారు కూడా వేళాకోళం చేస్తారు. “సుధారాణీజీ ప్రవచన్ దేతీ హైఁ” అంటారు, ప్రవచనాలు చెబుతానట. మా మామ్మ జగదాంబ పెట్టిన భిక్ష ఇది. బడి నుంచి రాగానే పక్కన కూర్చోబెట్టుకుని కథ చెప్పేది. వాక్యం సగంలో వదిలేస్తే ఒప్పుకునేది కాదు. మొదలుపెట్టిన మాటను ఒడ్డుకు చేర్చాలి పాపా, అనేది.

సరే, అది ఇప్పుడెందుకు.

గొట్టం నడుమ ఈ గాజులాంటి ముక్క చూస్తూ ఉండండి. నిన్న మీరే పెట్టించారు కదా, గొట్టంలో ఏం నడుస్తోందో కళ్ళారా చూస్తే గానీ నమ్మనని. ఏం కనిపిస్తోంది? తెల్లటి నురగ. చెయ్యి వేసి చూడండి, గుడగుడమంటోంది. నీళ్ళతో పాటు గాలి కూడా దిగుతోందన్నమాట. తప్పేమీ లేదు. చిన్న వానకు ఇదీ మీ పాత గొట్టంలాగే నడుస్తుంది. పెద్ద వాన వచ్చినప్పుడే దీని అసలు గుణం బయటపడుతుంది.

మీ పద్ధతి నాకు తెలియక కాదండీ. మా తాత ఆ పనిలోనే బతికాడు. కప్పు మీద రెండు వాలులూ కలిసేచోట కాలువ. కాలువలో ఆరు నోళ్ళు. ఆరు నోళ్ళకు ఆరు గొట్టాలు, ఒక్కొక్కటీ ఆరంగుళాల లావు. నీళ్ళు గొట్టం గోడను పట్టుకుని జారుతాయి, నడుమ అంతా గాలే. గొట్టం ఎప్పుడూ నిండదు. నిండాలని ఎవరూ కోరుకోరు కూడా.

కాదనను, నమ్మకమైన పద్ధతి. ఆకులు పడి ఒక నోరు మూసుకుపోతే మిగతా అయిదూ మోస్తాయి. మేస్త్రీ కాస్త వంకరగా బిగించినా నడిచిపోతుంది. తప్పు చేసినవాణ్ణి అది క్షమిస్తుంది.

అయితే ఆరు గొట్టాలూ ఆరుచోట్ల నేలలోకి దిగాలి కదండీ? నేల కింద వాటికి కాలువలు తవ్వాలి. ప్రతి కాలువకూ వాలు ఉండాలి. ఈ నేల కింద ఏముందో మీకు నక్షా చూపించాను. అంతా యంత్రాల పునాదులే. ఎక్కడ తవ్వుతారు?

అందుకే ఇది. ఆరు నోళ్ళకూ కలిపి ఒకటే గొంతు. కాలువ కింద బారుగా, ఏ వాలూ లేకుండా, తాడు కట్టి గీసినట్టు వచ్చి ఈ మూల ఒక్కచోట దిగుతుంది. అయిదంగుళాలు. ప్రతి నోటి మీదా ఒక మూత. నీళ్ళు మూత పక్కల నుంచి లోపలికి పోతాయి, గాలిని మాత్రం మూత పోనివ్వదు. కాలువలో నీరు బెత్తెడు నిలిచేసరికి గొట్టంలో ఉన్న గాలి అంతా వెళ్ళిపోతుంది. ఇక నిండు గొట్టమే. ఇక్కడ దిగే నీటి బరువు అక్కడి నీటిని లాగుతుంది. జారిపోవడం వేరు, లాక్కుపోవడం వేరు సార్.

పెద్ద గొట్టం వేస్తే ఇంకా మంచిది కదా అంటారు. అదే వద్దు! పెద్దదైతే నిండదు. నిండకపోతే లాగదు. లాగకపోతే ఆరు నోళ్ళ నీటిని ఒక్క గొంతు మోయలేదు. కాలువ పొర్లుతుంది. పొర్లితే ఏమవుతుందో ఇరవై రెండు రోజుల కిందట ఇక్కడే, సరిగ్గా మనం నిలబడిన చోటే, మేమంతా చూశాం.

మూతలు తీసేసినా అంతేనండీ. అవును. అంతే.

అసిరయ్య మావ కూడా మొదట్లో అచ్చం మీలాగే మాట్లాడాడు. మావ అంటే చుట్టమేమీ కాదు, మావైపు మనిషి. బారిడీహ్ బస్తీలో మా వెనక వీధి. ముప్పై ఆరేళ్ళుగా గొట్టాలు బిగిస్తున్న చెయ్యి. ఈ పైపు లారీ దిగిన రోజున చుట్టూ తిరిగి చూసి పగలబడి నవ్వాడు. “ఏటి పాపా ఇది! కొంగ మెడ తెచ్చి ఏనుగు దాహం తీరుత్తాదంటావా?” అన్నాడు. మర్నాటి నుంచి సైటంతా దీన్ని కొంగ మెడ అనే పిలిచారు.

మూతలు చూసినప్పుడైతే గొడవే పెట్టుకున్నాడు. “నీల్లు పోయే దారికి మూతేటి? నీ నోటికి మూతెట్టి గంజి తాగమంటే తాగుతావేటి?” అని. సౌరభ్ గారు ఉన్నారక్కడ. పదిమందీ విన్నారు. ఆ మాటే ఇవాళ ఆయన మెడకు చుట్టుకుంది. అనుభవం ఉన్న పాతకాలపు ఫిట్టరు, కొత్త పద్ధతి నచ్చలేదు, మొండికేసి మూతలు తీసేశాడు. సౌరభ్ గారి కాగితంలో ఉన్నది ఇదే కదండీ? చదివితే ఎవరికైనా నిజమే అనిపిస్తుంది.

ఆ తరవాత జరిగింది మాత్రం ఆ కాగితంలో లేదు.

ఆ రోజు భోజనాల వేళ ఆయన్ని కూర్చోబెట్టి మా మామ్మ చెప్పిన కథ చెప్పాను. నవ్వకండి సార్. లెక్కలు చెబితే ఆయనకు అర్థం కాదని కాదు. లెక్క కంటే కథ త్వరగా ఎక్కుతుంది, మీకైనా, నాకైనా.

గుటకమ్మ అని ఒక రాక్షసి. ఎంత పెద్ద చెరువునైనా తాగేయగలదు, కానీ ఒక్క గుక్కలో తాగాలి. నడుమ ఊపిరి తీసుకుందా, తాగిన నీళ్ళన్నీ వెనక్కి వచ్చేస్తాయి. అది దానికి ఉన్న శాపం. ఊరిమీద పడి చెరువుకు మూతి ఆనించింది. ఎవరెన్ని రాళ్ళు రువ్వినా, ఈటెలు విసిరినా తల ఎత్తలేదు. చెరువు అడుగు కనబడుతోంది. అప్పుడు ఒక చేపలమ్మే పిల్ల గట్టు మీద నిలబడి, ఎంతో మర్యాదగా, “అత్తా, ఉప్పు సరిపోయిందా?” అని అడిగిందట. రాక్షసైనా అత్త అత్తే కదా! ఒక కోడలు పిల్ల ఉప్పు సరిపోయిందా అని అడిగితే వంక పెట్టకుండా ఉండగలదా? “చప్పగా ఉందే!” అని నోరు తెరిచింది. అంతే. గాలి దూరింది. చెరువు చెరువూ వెనక్కి వచ్చి పడింది.

అసిరయ్య మావ తినడం ఆపాడు. డబ్బా మూత పెట్టి, చెయ్యి కడుక్కుని, “అయితే ఆరు నోల్లలో ఒక్కటి ఊపిరి తీసినా మొత్తం పోద్దన్నమాట” అన్నాడు.

చూశారా! నాలుగేళ్ళు కాలేజీలో చదివి నేను నేర్చుకున్నది ఒక్క వాక్యంలో పెట్టేశాడు. ఆ తరవాత ఆరు మూతలూ తన చేత్తోనే బిగించాడు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అతుకు అతుకుకూ చెవి పెట్టి విన్నాడు, గాలి ఎక్కడైనా ఈల వేస్తోందేమోనని. అలాంటి మనిషి మూతలు తీస్తాడంటారా?

మీరు కాగితం వైపు చూస్తారు. రాసుకుంటారు. బాగుందండీ.

ఇదిగో, పెరిగింది. రేకు మీద చప్పుడు మారింది, విన్నారా? ఇందాక ఆవాలు పోసినట్టుంది. ఇప్పుడు శనగలు పోస్తున్నట్టుంది. గొంతు పెంచాలి నేను. నురగ ఇంకా తెల్లగానే ఉంది. ఉండనివ్వండి. తొందరేం లేదు.

తొందర లేదంటున్నాను గానీ సార్, ఇవాళంతా ఆ మబ్బు వైపే చూస్తున్నాను.

ఎందుకో చెప్పనా? ఇవాళ ఆరు మూతలూ బిగించి ఉన్నాయి. పొద్దున మీరే నిచ్చెనెక్కి లెక్కపెట్టారు. ఇంత వానకూ ఈ గొట్టం లాగకుండా కాలువ పొర్లిందనుకోండి, తప్పు లెక్కది. లెక్క నాది. నా ఉద్యోగం పోతుంది, అసిరయ్య మావ బయటపడతాడు. లాగిందనుకోండి, లెక్క సరైనదే. అయితే ఆ రోజు పొర్లింది మూతలు లేకనే. మూతలు తీసినవాడు నేరస్థుడు. ఆయన గేటు పాసు ఎలాగూ లాక్కున్నారు, ఇక తిరిగి ఇవ్వరు. ఇక్కడే కాదు, ఈ ఊళ్ళో ఏ కాంట్రాక్టరూ ఆయన్ని నిచ్చెన ఎక్కనివ్వడు. ముప్పై ఆరేళ్ళ పని చివర ఆ ఒక్క మాట మిగిలిపోతుంది.

నా లెక్క గెలిస్తే ఆయన ఓడతాడు. రెండేళ్ళు రాత్రింబవళ్ళు కూర్చుని వేసిన లెక్క, నా మొదటి కప్పు, పొర్లిపోవాలని కోరుకోనా? లాగాలని కోరుకోనా? పొద్దున దేవుడి పటం ముందు నిలబడి ఏం అడగాలో తెలియక ఊరికే వచ్చేశాను.

గేటు బయట టీ కొట్టు చూశారా, నీలం పట్టా? దాని కింద ఉన్నాడు. ఇరవై రెండు రోజులుగా రోజూ షిఫ్టు బస్సెక్కి వస్తున్నాడు, లోపలికి రానివ్వరని తెలిసీ. వాన వస్తే గొట్టం ఎలా నడుస్తోందో వినాలట. అక్కడి నుంచి వినబడుతుందా మావా అంటే, “నాను బిగించింది నాకు ఇనబడదేటి?” అన్నాడు.

ఏమడిగారు? ఆ రోజు సంగతి మళ్ళీ మొదటి నుంచీ చెప్పమంటారా?

చెబుతాను. చెప్పిందే చెబుతాను. బుధవారం. పని అయిపోయింది. కప్పు అప్పగించే ముందు నేనూ అసిరయ్య మావా పైకి ఎక్కాం. మధ్యాహ్నం మబ్బు పట్టింది, పిడుగుల భయమని సేఫ్టీవాళ్ళు విజిల్ వేశారు, అందరం దిగేశాం. సాయంత్రం అయిదింటికి కుంభవృష్టి. కాలువ పొర్లింది. నీళ్ళు తెరలా లోపలికి దిగి కరెంటు పెట్టెల మీద పడ్డాయి. బలరామ్ అని, సరుకు మోసే బండి నడుపుతాడు, ఆ నీళ్ళలో జారి పడ్డాడు. కుడి చెయ్యి రెండుచోట్ల విరిగింది. మర్నాడు పొద్దున్నే సౌరభ్ గారు వచ్చేసరికి, అసిరయ్య మావ నిచ్చెన మీద ఉన్నాడు. చేతిలో తీగతో కట్టిన నాలుగు మూతలు.

“ఢక్కన్ ఇసీనే ఖోలా న, మేడమ్?” అని నన్నడిగారు. మూతలు ఈయనే తీశాడు కదా, అని. నేను నిచ్చెన కిందే ఉన్నాను. “ఆయన చేతిలోనే ఉన్నాయి కదండీ” అన్నాను.

అదే నా వాంగ్మూలం. కింద సంతకం కూడా ఉంది. అందులో అబద్ధం ఒక్కటి చూపించండి సార్. బుధవారం అబద్ధమా? వాన అబద్ధమా? చేతిలో ఉండడం అబద్ధమా?

లేదు కదూ. నేనూ చాలాసార్లు వెతికాను. దొరకలేదు.

అబ్బ! ఉలిక్కిపడ్డారా? మెరుపు దూరంగానే ఉంది లెండి. మా ఇంట్లో మెరుపంటే అందరికీ భయమే. మా తాత సంగతి మీకు చెప్పలేదు కదూ. నేను పుట్టకముందు మాట. మెరుపుల వానలో ఏదో షెడ్డు కప్పు మీద నుంచి పడిపోయాడు. ఏ షెడ్డో మామ్మ ఎప్పుడూ చెప్పలేదు.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఈ గొట్టాల పనివాళ్ళకు ఒక ఆచారం ఉందండీ, మీ బరంపురం వైపు ఉందో లేదో. కొత్త కప్పు మీద వాన పడకముందే, బిగించినవాడు ప్రతి నోట్లోనూ చెంబెడు పసుపు నీళ్ళు పోస్తాడు. తొలి చెంబు అంటారు. ఆ నీళ్ళు పోసినవాడి కళ్ళముందే చటుక్కున పోవాలి. నిలిచాయంటే ఆ కప్పు ఒక మనిషిని అడుగుతోందని అర్థం. మా తాత పోసిన ఆఖరి చెంబు నిలిచిపోయిందట. నవ్వుకుంటూ ఇంటికొచ్చి చెప్పాడట. సరిగ్గా ఎనిమిదో రోజున పడ్డాడు. మామ్మ ఈ ఒక్క కథకే చివర ‘కథ కంచికి’ అని చెప్పేది కాదు.

ఎందుకు చెబుతున్నానా? వాన కోసం చూడాలి కదండీ, ఊరికే నిలబడి ఏం చేస్తాం.

నురగ... ఆగండి. నురగ పలచబడుతోంది. చప్పుడు విన్నారా? గుడగుడ పోయింది. ఇప్పుడు దబ్బు దబ్బున కొడుతోంది. నీళ్ళు ముద్దలు ముద్దలుగా దిగుతున్నాయి. నడుమ నడుమ గాలి. పట్టు దొరికీ దొరకకుండా ఉంది. బిగింపులు వణుకుతున్నాయి, చెయ్యి తీసేయండి. పైన చూడండి, కాలువ అంచు. అదిగో, తడి మెరుపు. నిండింది. అంచు దాకా నిండింది సార్! ఆ రోజు కూడా ఇలాగే మెరిసింది. ఆ మెరుపు తరవాత కళ్ళు మూసి తెరిచేలోపు తెర దిగిపోయింది.

ఇంకొక్క నిమిషం. ఇంకొక్క...

మావా, వింటున్నావా?

అయ్యో! ఒక చుక్క పడింది. ఇదిగో మీ కాగితం మీదే. ఇంకోటి.

పొర్లుతుందా? పొర్లిపోనీ. పొర్లితే పీడా పోతుంది. నా లెక్క తప్పు, నేను తప్పు, ఇంకెవరూ ఏ తప్పూ... కాదు, కాదు! లాగు! లాగవేమే కొంగ మెడా! ఏటి చూస్తన్నావు, లాగు!

...

విన్నారా?

అదీ! అదే సార్! ఆ హోరు! రైలు దూరంగా వంతెన ఎక్కినట్టు. ఇటు చూడండి, ముక్కలోకి చూడండి, నురగ ఏది? లేదు! గాజులా ఉంది. నీళ్ళున్నట్టే లేదు కదూ? నిండుగా ఉంది కాబట్టే కనబడడం లేదు. పరుగు పెడుతోందది, మీ ఆరు గొట్టాల నీళ్ళు ఈ ఒక్క గొంతులో. పైకి చూడండి. అంచు మెరుపు పోయింది. కాలువ దిగిపోయింది. అంచు కింద తడి గీత మాత్రం మిగిలింది.

లాగేసింది. నా లెక్క లాగేసింది.

మీరు కూడా నవ్వుతున్నారే! మూడు రోజులుగా మీ ముఖంలో నవ్వు చూడటం ఇదే మొదలు. అవునండీ, బాగుంటుంది, ఆ హోరు మొదటిసారి వింటే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. అభినందనలా? నాకా?

వద్దు సార్. చెయ్యి వెనక్కి తీసుకోండి.

కలం తీశారేం? అప్పుడే రాసేస్తున్నారా? పద్ధతిలో దోషం లేదు, లెక్కలో దోషం లేదు, మూతలు తొలగించిన ఫిట్టరు... ఆగండి. ఆ పేరు రాయకండి. ఆగమంటున్నానా!

ఆ బుధవారం చెంబు తెచ్చింది నేను. అసిరయ్య మావ కాదు. ఆయన వద్దన్నాడు. “ఇది యేరే జాతి గొట్టం పాపా. దీనికి సెంబుడు నీల్లు ఆనవు. దీని తొలి సెంబు వానే పొయ్యాల” అన్నాడు. నేను చెప్పిన పాఠం నాకే అప్పజెప్పాడు. నేనే వినలేదు. మొదటి నోటి దగ్గర వంగి పసుపు నీళ్ళు పోశాను. నిలిచాయి.

నిలుస్తాయని నాకు తెలుసు! మూత ఉంటే చెంబెడు నీళ్ళు చుట్టూ నిలిచి నెమ్మదిగా పోతాయని నేనే గీసి చూపించాను, నక్షాలో ఉంది, పన్నెండో పుట. తెలిసీ, ఆ పసుపు నీళ్ళు మూత చుట్టూ కన్నులా గుండ్రంగా నిలబడి నన్ను చూస్తుంటే... కప్పు అంచున అసిరయ్య మావ నిలబడి ఉన్నాడు. అరవై ఏళ్ళ మనిషి. మా తాత పోయేటప్పుడు ఎలా ఉండి ఉంటాడో అలాగే. కప్పు అడుగుతోంది, అనిపించింది. ఈయన్నే అడుగుతోంది.

మూత విప్పేశాను. చేత్తో తిప్పితే వచ్చే నట్లే కదా. నీళ్ళు సర్రున పోయాయి. ప్రాణం లేచొచ్చింది. తరవాత రెండోది, మూడోది. ఆరూ విప్పాను. ఆరింటా పోశాను. ఆరూ చటుక్కున మింగాయి. మళ్ళీ బిగిస్తున్నాను, రెండు బిగించాను, అంతలో విజిల్. మెరుపు. “రెండు నిమిసాలు పాపా, నాలుగూ ఎట్టేసి దిగుదాం” అన్నాడు. నేనే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. రేపు బిగిస్తాను మావా, ముందు దిగు, దిగు అని ఏడ్చినంత పని చేశాను. ఆయన్ని కాపాడేస్తున్నాననుకున్నాను సార్.

మర్నాడు ఆయన పైకెక్కింది ఆ మూతలు బిగించడానికే. ఎవరూ రాకముందే, ఎవరికీ తెలియకుండా, నా పని సరిదిద్దడానికే. నిచ్చెన దగ్గర నేను కాపలా ఉన్నాను. సౌరభ్ గారు అడిగినప్పుడు పైనుంచి నా వైపు ఒక్కసారి చూశాడు. అంతే. నోరు విప్పలేదు. ఆ సాయంత్రం గేటు బయట అన్నాడు, “నానైతే ఇంకో ఏడు నెల్లు పన్జేసి మానేసే మనిసిని పాపా. నీకు ముప్పయ్యేల్ల పనుంది. నోరు మూసుకో.”

మూసుకున్నాను. ఇరవై రెండు రోజులు ఒక్క గుక్క. బాగానే పట్టాను కదండీ? సంతకం కూడా పెట్టాను.

సంగతేమిటంటే, మూఢనమ్మకం ఎవరిదని అడిగితే మీరందరూ చూసింది ఆయన వైపే. ఆయన కట్టు, ఆయన మాట, ఆయన చెంబు. నా వైపు ఎవరూ చూడలేదు. నాకు డిగ్రీ ఉంది.

బలరామ్ చెయ్యి ఇంకా పిండికట్టులోనే ఉంది. రెండుసార్లు పండ్లు పట్టుకెళ్ళాను. నాకు దండం పెట్టబోయాడు, ఎడమ చేత్తో.

రాయండి. పద్ధతిలో దోషం లేదని రాయండి, అది నిజం. మీ పాత గొట్టాలై ఉంటే నాలుగు మూతలు లేకపోయినా ఏమీ అయ్యేది కాదు, నా తప్పు ఎవరికీ తెలిసేదీ కాదు, అదీ రాసుకోండి కావాలంటే. మూతలు తీసింది జూనియర్ ఇంజనీరు సుధారాణి. స్వహస్తాలతో. అన్నీ తెలిసే.

ఎవర్ని పిలుస్తున్నారు? టీ కొట్టు వైపు ఎందుకా సైగ? వద్దు, వద్దండీ. ఇప్పుడే ఆయన్ని లోపలికి పిలవకండి. వచ్చాడంటే, అదిగో ఆ హోరు విని ముఖమంతా నవ్వుతో వస్తాడు, వచ్చి మళ్ళీ నన్ను నోరు మూసుకోమంటాడు.

ఆయన అంటే నేను మూసుకుంటాను సార్. నా సంగతి నాకు తెలుసు. ముందు మీరు రాయడం కానివ్వండి.